రేకు డబ్బాలో పేరులేని చీటీ

పోయిన ఆదివారం మా తెలుగు సహవాసంలో ప్రార్థన విన్నపాలు చదివే వంతు ఒక పిల్లకు వచ్చింది. ఇక్కడి జర్మనీలోనే కాట్‌బస్‌లో చదువు ముగించుకొని ఉద్యోగానికని మా ఆకెన్ వచ్చి ఇంకా మూడు నెలలు కూడా కాలేదు, అప్పుడే అందరికీ చెల్లెలైపోయింది. ముందుకొచ్చి నిలబడి, ఫోనులో వాట్సాప్ తెరిచి, గడగడా చదువుకుంటూ పోయింది. ఒకరికి వీసా ఆఫీసులో టెర్మిన్, అదే అపాయింట్‌మెంటు, దొరకాలి, ఒకరు మూడోసారి రాస్తున్న పరీక్ష గట్టెక్కాలి, ఒకరి పాపకు కీటాలో, అంటే చిన్నపిల్లల బడిలో, చోటు రావాలి. తొమ్మిదోది, మన డోలక్ అన్నయ్య భర్తకు బుధవారం మోకాలి ఆపరేషన్ క్షేమంగా జరగాలి. గొంతు తగ్గించకుండా, అటూ ఇటూ చూడకుండా ఆ మాట చదివేసి పదోదానికి వెళ్ళబోయింది. మధ్యలో ఒక చిన్న ఆటంకం వచ్చింది గానీ, ఆ సంగతి చివర్న చెబుతాను. హాల్లో ఉన్న అరవై డెబ్భై మందిలో ఒక్క తలైనా వెనక్కి తిరిగిందేమో అని నేను కళ్ళద్దాలు సవరించుకొని మరీ చూశాను. ఒక్కటీ తిరగలేదు.

ఇంటికొచ్చి కాఫీ పెట్టుకొని వంటగదిలో కూర్చున్నాను. అల్మరా పైన ఒక పాత రేకు డబ్బా ఉంది. ఆకెన్‌లో ఉన్నవాళ్ళకు చెప్పనక్కర్లేదు, క్రిస్మస్ ముందు ఊరంతా దొరికే ప్రింటెన్ అనే మసాలా బిస్కెట్ల డబ్బా, మూత మీద పెద్ద చర్చి బొమ్మ. ఇప్పుడు దాంట్లో గుండీలు, దారపుండలు ఉన్నాయి. పదహారేళ్ళ కిందట దాంట్లో ఒక చీటీ ఉండేది. ఆ చీటీ రాసింది నేనే. నా వయసువాళ్ళకు కొన్ని సంగతులు చెప్పుకోవడానికి మొహమాటం ఉంటుంది, నాకూ ఉంది, కానీ ఆదివారం ఆ పిల్ల గొంతు విన్నాక ఇక దాచుకోవాలనిపించడం లేదు.

మాది గోదావరి పక్క. మిషను ఆసుపత్రిలో నర్సు చదువు చదివి, పెళ్ళయి ఈ ఊరొచ్చాను. నా కంటే ముందు వచ్చినవారు మా బావగారు, అంటే మా ఆయనకు అన్నగారు. ఇక్కడి టెక్నికల్ యూనివర్సిటీలో చదివి, ఇక్కడే ఇంజనీరుగా స్థిరపడి, తమ్ముణ్ణి రప్పించి, ఆ తమ్ముడికి నన్ను చూసి పెట్టింది కూడా ఆయనే. తెలుగువాళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టేటంత మంది ఉన్న రోజుల్లో ఆయన ఇంటి ముందుగదిలో మొదలైన ప్రార్థన కూటం, పెరిగి పెరిగి, ఒక జర్మన్ చర్చివాళ్ళు ఆదివారం మధ్యాహ్నాలు ఇచ్చే హాల్లోకి మారింది. ఆ హాలు చూసుకునే హౌస్‌మైస్టర్‌కు మా కూరల వాసన గిట్టేది కాదు, మా బావగారికి ఆయన గిట్టేవాడు కాదు, అయినా ఇద్దరూ నియమాల మనుషులే గనక ఒకరంటే ఒకరికి లోలోపల గౌరవం ఉండేది.

మా బావగారి నియమాల గురించి చెప్పకపోతే ఈ కథ అర్థం కాదు. ప్రార్థన విన్నపాలను ఆయన ఆసుపత్రి కాగితాలంత పద్ధతిగా నడిపేవారు. అడిగేవారు చీటీ మీద రాసి రేకు డబ్బాలో వెయ్యాలి. ఆరోగ్యం బాగాలేదు అని రాస్తే ఒప్పుకునేవారు కాదు. ఏ అవయవం, కుడివైపా ఎడమవైపా, ఎప్పటినుంచి, డాక్టరు టెర్మిన్ ఏ వారం, ఎన్ని గంటలకు, అన్నీ ఉండాలి. దేవుడికి అన్నీ తెలిసినా అడిగేవాడికి తనకేం కావాలో తెలిసి ఉండాలి కదా అనేవారు. డబ్బా తెరిచేది, చీటీలు చదివేది నేనొక్కదాన్నే, ఇంకెవరూ ముట్టుకోకూడదు, ఆయన కూడా. జవాబు వచ్చేదాకా చీటీ డబ్బాలోనే ఉండాలి. వచ్చాక రాసినవాళ్ళు లేచి కృతజ్ఞత చెప్పి అందరి ముందూ చీటీ చింపెయ్యాలి, అప్పుడు హాలంతా స్తోత్రం అనాలి. చిరిగిన చీటీ గురించి ఆ తర్వాత ఎవరూ ఎవర్నీ అడగకూడదు. ఈ చివరి నియమం ఎందుకు పెట్టారంటే, ఒకావిడ గర్భసంచి ఆపరేషన్ గురించి ఆరు నెలలపాటు అందరూ పరామర్శించి ఆవిణ్ణి చంపుకు తిన్నారు.

ఆ రోజుల్లో కుర్రాళ్ళు రావడం మొదలైంది. వరంగల్ నుంచి, గుంటూరు నుంచి, కరీంనగర్ నుంచి మాస్టర్స్ చదవడానికి వచ్చిన పిల్లలు, సైకిళ్ళ మీద వానలో తడుస్తూ వచ్చి, సాక్సులు హీటరు మీద ఆరబెట్టుకొని పాటలు పాడేవారు. వాళ్ళకు అసలు ఆకర్షణ కూటం అయ్యాక పెట్టే ప్రేమ విందని మాకు తెలుసు, వాళ్ళకు తెలుసని కూడా మాకు తెలుసు. వాళ్ళలో ఒకబ్బాయి డోలక్ వాయించేవాడు. హనుమకొండ నుంచి వచ్చినవాడు, వాళ్ళమ్మ అక్కడి చర్చిలో సండే స్కూలు టీచరు, తండ్రి లేడు, తల్లీకొడుకులు చర్చి ఆవరణలోనే ఒక చిన్న క్వార్టర్స్‌లో ఉండేవారు. పాతికేళ్ళ వయసు, నెమ్మదైన మనిషి. నేను ప్రతి వారం పాటలు చేత్తో రాసి, ఎక్కడ దెబ్బ పడాలో పక్కన చిన్న గీతలు పెట్టి ఇచ్చేదాన్ని, ఆ కాగితం డోలక్ పక్కన పెట్టుకొని వాయించేవాడు. రెండేళ్ళు నా చేతిరాతకు అతని చేతులు ఆడాయి. సొంత తమ్ముడు లేని నాకు అతను తమ్ముడైపోయాడు, నోరారా నన్ను ఆంటీ అనే పిలిచినా సరే.

ఒక సాయంత్రం డ్యూటీ దిగి బస్సుల స్టాండులో నిలబడి ఉన్నాను. ఎదురుగా ప్లాట్‌ఫారం మీద మా తమ్ముడు, ఒక పొడుగాటి జర్మన్ అబ్బాయి. ఇద్దరి మధ్య ఒకే గొడుగు. బస్సు రాగానే ఆ అబ్బాయి వంగి మా వాణ్ణి ముద్దు పెట్టుకున్నాడు, మా వాడు నవ్వుతూ బస్సెక్కాడు. అంత నవ్వు అతని మొహంలో నేనెప్పుడూ చూడలేదు. ఆ నవ్వు చూసి సంతోషించాల్సిన దాన్ని, వాళ్ళకు కనపడకుండా స్తంభం వెనక్కి జరిగాను. ఇన్నేళ్ళు ఈ దేశంలో ఉండి, ఆసుపత్రిలో అన్ని రకాల మనుషుల్నీ చూసి కూడా, అది మన పిల్లాడనేసరికి నాకు చిన్నప్పుడు విన్న ప్రసంగాలన్నీ ఒక్కసారి గుర్తొచ్చాయి. మంచిదాన్ని అనుకుంటూనే చెడ్డపని చేయడం ఎంత తేలికో నాకు ఆ వారమే తెలిసింది.

అతన్ని పిలిచి మాట్లాడాలంటే నోరు రాలేదు. సంఘమంతా కలిసి ప్రార్థిస్తే మారతాడనుకున్నాను. ఒక చీటీ తీసుకొని, మన మధ్య ఉన్న ఒక యౌవన సహోదరుడు మగవారిపట్ల మోహమనే బంధకం నుంచి విడుదల పొందాలి అని రాసి, పేరు పెట్టకుండా డబ్బాలో వేశాను. పేరు లేదు గనక హాని లేదు అనుకున్నాను. ఆదివారం నా చీటీని నేనే తీసి, ఎవరిదో అన్నట్టు గొంతు మార్చి నేనే చదివాను. 

పేరు లేకపోవడమే కొంప ముంచింది. పేరుంటే ఒక్కడి మీద పడేది, లేకపోయేసరికి పెళ్ళికాని ప్రతివాడూ అనుమానితుడైపోయాడు. ఇళ్ళల్లో ఫోన్లు మోగిపోయాయి. ఎవరు అడిగినా, ప్రార్థన చెయ్యడానికే అడుగుతున్నామండీ, ఎవరో తెలిస్తే పేరు పెట్టి ప్రార్థిస్తాం అనేవారు. చెవి పోగు పెట్టుకున్న గుంటూరు అబ్బాయిని ఒక వారం అనుమానించారు. వంట బాగా చేస్తాడని ఇంకొకణ్ణి, మగవాడికి అంత రుచి ఎలా తెలుస్తుందని. మన ఊళ్ళల్లో స్నేహితులు భుజాల మీద చేతులేసుకొని తిరగడం పుట్టుకతో వచ్చిన అలవాటు, దాని మీద కూడా కన్ను పడింది, పాపం కుర్రాళ్ళు చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక జేబుల్లో కుక్కుకొని నిలబడేవారు. ఊరికి కాస్త దూరంగా ఐదుగురు కుర్రాళ్ళు కలిసి అద్దెకుంటున్న ఫ్లాటు ఒకటి ఉండేది, మా తమ్ముడూ అందులోనే. గృహ దర్శనం పేరుతో మా బావగారు ఇద్దరు పెద్దల్ని వెంటబెట్టుకొని అక్కడికి వెళ్ళి, కీర్తన పాడి, ప్రార్థన చేసి, ఆ తర్వాత ఇంట్లో పరుపులెన్ని ఉన్నాయో చూసి వచ్చారు. ఐదుగురికి మూడు పరుపులు. అది చాలింది.

ఆడపిల్లలున్న ఇళ్ళవాళ్ళు ఆ ఫ్లాటు కుర్రాళ్ళను భోజనానికి పిలవడం మానేశారు. ఒకబ్బాయికి ఖాయమైన సంబంధం, ఇక్కడినుంచి ఎవరో ఒక ముక్క ఊదితే, అక్కడ ఆగిపోయింది. ఆ ఐదుగురూ ఒకరినొకరు అనుమానంగా చూసుకోవడం మొదలుపెట్టారు, ఒకడు గది ఖాళీ చేసి పోతానన్నాడు. ఊళ్ళో చిరునామా నమోదు చేయించుకునే అన్మెల్డుంగ్ దగ్గర్నుంచి డాక్టరు దాకా ఒకరికొకరు తోడు వెళ్ళిన పిల్లలు. ఇదంతా నేను చూస్తూనే ఉన్నాను. బావగారు నన్ను పక్కకు పిలిచి, ఆ చీటీ చేతిరాత ఎవరిదో గుర్తుపట్టగలవా అమ్మాయ్ అని అడిగారు. తాను పెట్టిన నియమం గనక డబ్బా తెరిచి చూసుకోలేదు, ఆ పట్టుదల మాత్రం మెచ్చుకోవాలి. తెలియడం లేదు బావగారూ అన్నాను. అది నా రెండో తప్పు, మొదటిదాని కంటే పెద్దది.

అసలు ఆయన్ని తినేసింది పాపం కంటే పేరు లేకపోవడమే అని నాకిప్పటికీ అనిపిస్తుంది. వివరం సరిగ్గా లేని విన్నపం ఆయన డబ్బాలో వారాల తరబడి పడి ఉండడం ఆయనకు కునుకు పట్టనివ్వలేదు. చివరికి ఒక ఆదివారం ప్రకటించారు. వచ్చే వారం ఉపవాస ప్రార్థన. ప్రసంగం అయ్యాక పెళ్ళికాని యువకులంతా ఒక్కొక్కరే ముందుకొచ్చి, బైబిలు మీద చెయ్యిపెట్టి, ఆ సహోదరుడు నేను కాదు అని చెప్పాలి. చెప్పలేనివాణ్ణి సహవాసం నుంచి తీసేస్తాం, సొంతూరి సంఘ కాపరికి ఉత్తరం రాస్తాం. హాల్లో చాలామంది తలలు ఊపారు. నేను మా తమ్ముడి వైపు చూశాను. డోలక్ తాళ్ళు బిగించుకుంటున్నాడు, చేతులు మాత్రం ఒకే ముడి దగ్గర ఆగిపోయాయి.

మర్నాడు నా డ్యూటీ అయ్యే వేళకు ఆసుపత్రి గేటు దగ్గర సైకిలు పట్టుకొని నిలబడి ఉన్నాడు. ముందురోజు కూటం అయ్యాక హాల్లో సామాను సర్దేటప్పుడు డబ్బా మూత ఊడి చీటీలు కింద పడ్డాయట, ఏరుతుంటే ఆ చీటీ కనపడిందట. కోపం లేదు గొంతులో, అదే నన్ను ఎక్కువ బాధపెట్టింది.

"ఆంటీ, గా చీటీ మీరే రాసిండ్రు గదా. రెండేండ్ల సంది మీ రాత చూసుకుంటనే వాయిస్తున్న, నాకు తెల్వదా?"

నేను అవునన్నాను. అతను సైకిలు బెల్లు మూత తిప్పుతూ చెప్పాడు.

"బైబిల్ మీద చెయ్యి పెట్టి అబద్ధమైతే చెప్ప ఆంటీ. నాతోని కాదు. కానీ ఉత్తరం పోతే అమ్మ ఆ క్వార్టర్స్‌ల ఎట్లుంటది?"

అతను వెళ్ళిపోయాక నేను బస్సెక్కలేదు, నడుచుకుంటూ ఇంటికి వచ్చాను. దారిపొడవునా నాకు గుర్తొచ్చింది ఒక ముసలాయన. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో, వృద్ధుల వార్డులో నెలల తరబడి ఉన్న ఆయన. ఒకప్పుడు బడిపంతులు. ఇంజెక్షన్ పొడిచేటప్పుడు నొప్పి తెలియకుండా నేను మాటల్లో పెడితే, ఆయనే నన్ను మాటల్లో పెట్టేవాడు. ఆయన యువకుడిగా ఉన్న కాలంలో, యుద్ధమైపోయి ఊళ్ళు మళ్ళీ కట్టుకుంటున్న రోజుల్లో, మగవాడు మగవాణ్ణి ప్రేమించడం ఈ దేశంలో జైలు శిక్ష పడే నేరం. ఆయన పనిచేసే బడికి ఎవరో ఒక ఉత్తరం రాశారు. సంతకం లేదు. పోలీసులు వచ్చారు, ఇల్లంతా వెతికారు, కొన్ని నెలలు జైల్లో ఉన్నాడు, బయటికొచ్చాక మళ్ళీ ఏ బడీ తీసుకోలేదు. మిగతా బతుకంతా ఒక సూదుల ఫ్యాక్టరీలో సూదులు లెక్కపెట్టాడు. మీరు పొడిచే ఈ సూది కూడా నేను లెక్కపెట్టిందేనేమో సిస్టర్ అని నవ్వేవాడు. జైలు కంటే ఆయన్ని ఎక్కువ బాధపెట్టింది ఇంకొకటి. ఆ ఉత్తరం ఎవరు రాశారో ఆయనకు ఎప్పుడూ తెలియలేదు. పక్కింటావిడా, రొట్టెల కొట్టువాడా, తోటి పంతులా, సొంత అక్కా. ఊళ్ళో ఎదురుపడ్డ ప్రతి మొహంలోనూ ఆ చేతిరాత వెతుక్కుంటూ ముసలివాణ్ణయిపోయాను అన్నాడు. ఆ మాట విని నేను ఆ రోజు ఆయన మంచం పక్కన కన్నీళ్ళు పెట్టుకున్నాను. సంతకం లేని ఉత్తరాలు రాసేవాళ్ళు ఎలాంటి మనుషులో అని తిట్టుకున్నాను కూడా. ఎలాంటి మనుషులో ఆ సోమవారం అద్దంలో చూసుకుంటే తెలిసింది.

వారమంతా ఎలా గడిచిందో చెప్పలేను. బావగారి మాటకు ఎదురు చెప్పడం మా ఇంట్లో ఎరగం. ఆయన ముందు నేను కుర్చీలో కూర్చోవడం మొదలుపెట్టిందే ఇక్కడికొచ్చిన పదేళ్ళకు. శనివారం మా ఆయనతో అంతా చెప్పేశాను. ఆయన మితభాషి, నీ చీటీ కదా, నువ్వే తియ్యాలి అని మాత్రం అన్నారు. ఆ మాటలోనే దారి కనపడింది. ఉపన్యాసం ఇచ్చే శక్తి నాకు లేదు, బావగారితో వాక్యాలు చూపించి వాదించే చదువూ లేదు. కానీ చీటీ నాది. చీటీ మీద హక్కు రాసినవాళ్ళదని నియమం పెట్టింది ఆయనే.

ఆదివారం హాలు నిండిపోయింది. ఎప్పుడూ రానివాళ్ళు కూడా వచ్చారు, తమాషా చూడ్డానికే వచ్చారని నేను ఇప్పటికీ అంటాను. ముందు వరుసలో కుర్రాళ్ళు, మొహాలు పాలిపోయి ఉన్నాయి. మా తమ్ముడు డోలక్ ముందు కూర్చున్నాడు, ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా వేసుకున్నాడు. బల్ల మీద నల్ల అట్ట బైబిలు సిద్ధంగా ఉంది. పాట అయింది, ప్రార్థన అయింది, విన్నపాల వంతు వచ్చింది. ప్రసంగమూ, ప్రమాణాలూ దాని తర్వాతే.

నేను డబ్బా తెరిచి మామూలుగానే మొదలుపెట్టాను. ఒకరి థీసిస్, ఒకరి నడుమునొప్పి, కింది భాగంలో, ఎడమవైపు. ఆ తర్వాత నా చీటీ తీసి పట్టుకున్నాను. మన యౌవన సహోదరుడి కోసమన్న ఈ విన్నపానికి జవాబు వచ్చింది, కృతజ్ఞత చెల్లిస్తున్నాను అన్నాను.

"స్తోత్రం!"

హాలంతా ఒక్క గొంతుతో అంది. ఇన్నేళ్ళ అలవాటు మరి, కృతజ్ఞత అన్న మాట చెవిన పడితే చాలు, నిద్రపోతున్నవాడు కూడా అనేస్తాడు. అందరికంటే గట్టిగా అన్నది మా బావగారే. అనేశాక, ఏ చీటీకి అన్నారో ఆయనకు తట్టింది. ఆ మొహం నేను చచ్చేదాకా మరచిపోను.

ఆ లోపల నేను చెప్పాల్సింది చెప్పేశాను. ఈ చీటీ రాసింది నేను. ఆ సహోదరుణ్ణి అడక్కుండా, నా భయాన్ని ప్రార్థన అని పేరు పెట్టి మీ అందరి నెత్తినా పెట్టింది నేను. విడుదల కావాల్సిన బంధకం అతనిది కాదు, నాది. నాకు విడుదల దొరికింది. ఇన్ని వారాలు మీ పిల్లల్ని మీరే అనుమానించుకునేటట్టు చేసినందుకు నన్ను క్షమించండి. అంతే, అని చీటీని రెండుగా, నాలుగుగా చింపి డబ్బా మూతలో పోశాను.

బావగారు లేచి నిలబడ్డారు. "అమ్మాయ్, అదంతా తర్వాత. ముందు ఆ కుర్రాడి పేరు చెప్పు." చెప్పను బావగారూ అన్నాను. పెళ్ళయిన ఇన్నేళ్ళకు ఆయనతో నేను కాదన్న మొదటి మాట అది. ఆయన బల్ల మీద బైబిలు చేతిలోకి తీసుకొని, సరే, అయితే ప్రమాణాలు ఇప్పుడే మొదలుపెడదాం అని కుర్రాళ్ళ వైపు తిరిగారు. అప్పుడు ఆడవాళ్ళ వరుసలోంచి మా తోడికోడలు, అంటే బావగారి భార్య, కూర్చున్న చోటునుంచి కదలకుండానే అన్నారు.

"ఏవండీ, చిరిగిన చీటీ గురించి మళ్ళీ అడగకూడదని నియమం పెట్టింది మీరే కదా. అందరికంటే ముందు స్తోత్రం అన్నది కూడా మీరే. ఇక కూర్చోండి."

ముప్ఫై ఏళ్ళుగా ఆవిడ కూటంలో పాట తప్ప మాట పలకడం ఎవరూ వినలేదు. వెనకనుంచి ఎవరో ఆపుకోలేక నవ్వారు, ఆ నవ్వు పక్కవాళ్ళకు అంటుకుంది, పరుపుల లెక్క తేలిన కుర్రాళ్ళకు అంటుకుంది, చూస్తుండగానే సగం హాలు నవ్వుతోంది. ఇన్ని వారాల భయం అలా నవ్వుగా బయటికి పోవడం చూస్తుంటే నాకు ఏడుపు ముంచుకొచ్చింది. బావగారు బైబిలు బల్ల మీద పెట్టి కూర్చున్నారు. నియమం నియమమే మరి.

అక్కడితో అయిపోయిందనుకున్నాను. కానీ మా తమ్ముడు డోలక్ పక్కకు జరిపి లేచి నిలబడ్డాడు. వద్దని కళ్ళతో చెప్పాను, అతను నా వైపు చూడలేదు.

"గా చీటీ నా గురించే. అడిగినప్పుడు చెప్తే అది నేరం ఒప్పుకున్నట్టు ఉంటుండె. ఇప్పుడు ఎవ్వరూ అడగట్లేదు గదా, అందుకే చెప్తున్న. నేను సంతోషంగనే ఉన్న. అమ్మకు తెల్వాలని ఎవలూ ఉత్తరం రాసుడు వద్దు, నిన్ననే నేను ఫోన్ చేసి చెప్పిన."

ఆ క్షణం హాలు ఎటైనా పోయేది. గది ఖాళీ చేస్తానన్న కుర్రాడే లేచి వెళ్ళి, జేబులోంచి చేతులు తీసి, మా తమ్ముడి భుజం మీద చెయ్యేసి పక్కన నిలబడ్డాడు, మన ఊళ్ళో స్నేహితులు నిలబడ్డట్టు. మా తోడికోడలు గొంతు సవరించుకొని, తర్వాతి పాట ఏదో వాయించు నాయనా, పులిహోర చల్లారిపోతోంది అన్నారు. అతను కూర్చుని డోలక్ మీద మొదటి దెబ్బ వేశాడు. నేను ఎన్నో కూటాల్లో ఎన్నో పాటలు పాడాను, ఆ రోజు పాడినంత గట్టిగా ఎప్పుడూ పాడలేదు. శబ్దానికి హౌస్‌మైస్టర్ తలుపు తీసుకొని వచ్చి, గడియారం చూసుకొని, ఎందుకో ఏమీ అనకుండా వెళ్ళిపోయాడు.

అందరూ మెత్తబడిపోయారని చెబితే అబద్ధమవుతుంది. ఆ పాట మధ్యలోనే నాలుగైదు కుటుంబాలు కోట్లు తొడుక్కొని వెళ్ళిపోయాయి, వాళ్ళలో ఇద్దరు ఇప్పటికీ అంగట్లో కనపడితే మొహం తిప్పుకుంటారు. బావగారు విందుకు ఉండలేదు. ఆరేడు నెలలు రైలెక్కి ఇంకో ఊరి కూటానికి వెళ్ళారు. ఆ రైళ్ళు ఎప్పుడూ ఆలస్యం, అక్కడ విన్నపాలు ఎవరికి తోచినట్టు వాళ్ళు నోటితో చెప్పేస్తారు, పద్ధతీ పాడూ లేదని విసుక్కుంటూ ఒక ఆదివారం ఏమీ జరగనట్టు వచ్చి తన కుర్చీలో తాను కూర్చున్నారు. తప్పయిందని ఎప్పుడూ అనలేదు. మేమూ అడగలేదు.

హనుమకొండలో తల్లి నాలుగు నెలలు కొడుకుతో మాట్లాడలేదు. ఐదో నెలలో అక్కడినుంచి వచ్చిన ఒక విద్యార్థి సూట్‌కేసులో ఒక పొట్లం వచ్చింది. విప్పితే ఆవిడ చేత్తో అల్లిన ఊలు టోపీలు రెండు. ఒకటి కొడుక్కి సరిపోయింది. రెండోది మరీ పెద్దది. ఆ అబ్బాయి చాలా పొడుగని విన్నదట, పొడుగువాడికి తల కూడా పెద్దదే ఉంటుందనుకుంది కాబోలు. ఆ టోపీ చెవులు దిగి ముక్కు దాకా వచ్చినా అతను చలికాలమంతా అదే పెట్టుకు తిరిగాడు. ఆ తర్వాత ఈ దేశంలో చట్టం మారింది, ఇద్దరూ రిజిస్ట్రారు ఆఫీసులో పెళ్ళి చేసుకున్నారు, సాక్షి సంతకం నన్ను పెట్టమన్నారు. పేరు పెట్టకుండా రాసిన నా చేత్తోనే, అంత పెద్ద రిజిస్టరులో, పూర్తి పేరు, ఇంటిపేరుతో సహా సంతకం చేశాను. మా తమ్ముడు పక్కనే నిలబడి చూసి, రాత ఏం మారలేదు ఆంటీ అన్నాడు.

ఇప్పుడు పోయిన ఆదివారం వచ్చిన ఆటంకం చెబుతాను. బావగారికి ఎనభై దాటింది. నడకకు ఊతంగా చక్రాల బండి తోసుకుంటూ వచ్చి ముందు వరుసలోనే కూర్చుంటారు, చెవికి మిషను. ఆ పిల్ల తొమ్మిదోది చదివి పదోదానికి వెళ్ళబోతుంటే ఆయన చెయ్యి పైకెత్తారు. పదహారేళ్ళ కిందటి ఆ ఆదివారం మళ్ళీ వచ్చి హాల్లో నిలబడ్డట్టనిపించింది.

"ఏ మోకాలమ్మా? కుడిదా, ఎడమదా? ఊరికే మోకాలంటే ఎలా?"

"ఎడమది అంకుల్," అన్నాడు డోలక్ వెనకనుంచి మా తమ్ముడు. జుట్టు నెరిసింది, కళ్ళజోడు వచ్చింది, తొడ మీద చెయ్యి ఇంకా తాళం వేస్తూనే ఉంది. బావగారు కళ్ళు మూసుకొని, ఎడమది, బుధవారం, అని తనలో తాను రెండుసార్లు అనుకున్నారు. నా పక్కన మా తోడికోడలు ఉంటే ఎంత నవ్వుకునేవారో. ఆవిడ పోయి మూడేళ్ళయింది.

ఆ పాత హాలు ఇప్పుడు లేదు, ఆ హౌస్‌మైస్టరూ లేడు. ఈ పిల్లలకు పరుపుల లెక్కల కథ చెబితే నమ్మరు, మీరు కూడా అలా ఉండేవారా అంటారు నన్ను. ఉండేదాన్ని. వాళ్ళు నమ్మలేకపోవడమే నాకు గర్వంగా ఉంటుంది. కాకపోతే చీటీలు పోయాయి. విన్నపాలన్నీ ఫోనుల్లో ఒకే రకం అక్షరాల్లో వస్తాయి, రాసినవాళ్ళ చెయ్యి వణికిందో లేదో తెలియదు, చూడగానే ఇది ఫలానావాళ్ళ రాత అని గుర్తుపట్టే మనుషులూ తగ్గిపోయారు. ఆపరేషన్ బాగా జరిగిందని నిన్న మెసేజి వచ్చింది. వచ్చే ఆదివారం కృతజ్ఞత చెబుతారు, అందరం స్తోత్రం అంటాం, కానీ చింపడానికి చీటీ ఉండదు. ఆ లోటు నేను భరించలేకపోయాను. అల్మరా మీది డబ్బా దించి, గుండీలు గిన్నెలో పోసి, ఒక కాగితం ముక్క మీద ఎడమ మోకాలు, బుధవారం, అని రాసి దాంట్లో వేశాను. ఈసారి పైన వాళ్ళిద్దరి పేర్లూ రాశాను, కింద నా పేరు కూడా.